హోస్టింగ్ సంగతి తర్వాత, ముందు డొమైన్ ఎవరి పేరిట ఉంటుందో అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. గాజువాక ఆటోనగర్‌లో మోటార్లు, పంపుల స్పేర్ పార్టుల షాపు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా డీలర్లు. నలభై యాభై ఐటమ్స్‌తో కేటలాగు సైటు పెట్టాలనుకుంటున్నారు. సైటు చేసే కుర్రాడు డొమైన్ (సైటు పేరు, అంటే నెట్‌లో దాని అడ్రసు), హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే కంప్యూటరు, అంటే సర్వరు, అద్దె) అన్నీ కలిపి ఏడాదికి 6,000 అడుగుతున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే నెలకు 99కే ఇస్తామనే కంపెనీలు కనిపిస్తున్నాయి. ఎవరిని నమ్మాలో తెలియక ఆగిపోయారు. ఆగి మంచి పని చేశారు. నేను ఆగలేదు, అడగలేదు, కట్టేశాను. దానికి ఒక సీజన్ పోయింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది మద్దిలపాలెంలో టూర్స్ అండ్ ట్రావెల్స్. అరకు, బొర్రా గుహలు, లంబసింగి. కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా వచ్చే బుకింగులే మాకు ఏడాదంతా తిండి పెడతాయి. 2019లో తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన సైటు చేసిపెట్టాడు. హోస్టింగ్ ఎక్కడ కొన్నాడో, లాగిన్ ఎవరి దగ్గరుందో నేను అడగలేదు. సైటు తెరుచుకుంటోంది, ఫోన్లు వస్తున్నాయి, చాలనుకున్నాను.

ఆ డిసెంబరులో ఒక శుక్రవారం రాత్రి, సుమారు తొమ్మిది గంటలు. శని, ఆదివారాల్లో లంబసింగి వెళ్దామనుకునే వాళ్లందరూ ఫోను చేతిలో పట్టుకుని చూసుకునే వేళ అది. రాజమండ్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "డబ్బు కట్టే పేజీ రావట్లేదండీ, తెల్లగా ఏదో నంబరు పడుతోంది" అన్నాడు. నేను తెరిచి చూస్తే నాకూ అంతే. తెల్ల స్క్రీను, 508 అనే నంబరు, దాని కింద 'రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్' అని ఒక లైను. రిఫ్రెష్ కొడితే ఒకసారి వస్తుంది, మరోసారి రాదు. పదిన్నర దాకా అలా కొడుతూనే కూర్చున్నాను. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నుంచి మా బావమరిది పదిహేడు సీట్ల ట్రావెలర్‌లో తొమ్మిది సీట్లు ఖాళీగా వేసుకుని బయల్దేరాడు. డీజిల్ మాత్రం నిండు బండికి అయినంతా అయింది.

హోస్టింగ్ కంపెనీకి రాత్రే టికెట్ (ఫిర్యాదు) పెట్టించాం. జవాబు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది: మీ వాడకం ప్లాన్ పరిమితి దాటింది, పై ప్లాన్‌కు మారండి అని. మేం కొన్న ప్లాన్ పేరులోనే 'అన్‌లిమిటెడ్' ఉంది. ఆ అన్‌లిమిటెడ్ స్థలానికి, బ్యాండ్‌విడ్త్‌కు (వచ్చిపోయే డేటాకు) మాత్రమేనని తర్వాత తెలిసింది. షేర్డ్ హోస్టింగ్ అంటే ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. ఒక సైటు మిగతావాటిని తినెయ్యకుండా ఒక్కోదానికి ప్రాసెసరు, మెమరీ, ఒకేసారి నడిచే ప్రాసెస్‌లు ఇంతని కట్టడి పెడతారు. అది తప్పేమీ కాదు. ఆ సంఖ్య ఎంతో అమ్మే పేజీలో పెద్ద అక్షరాల్లో రాయరు, మనమే అడగాలి. ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని, మెమరీ ఎంత, ఐనోడ్ పరిమితి ఎంత అని చాట్‌లో అడిగితే అంకె చెప్పాలి. ఐనోడ్ అంటే మీరు పెట్టగల ఫైళ్ల సంఖ్య అనుకోండి. అంకె చెప్పకుండా 'మీ వ్యాపారానికి సరిపోతుంది సార్' అని మాట దాటేస్తే అక్కడ కొనకండి.

ఇంతవరకూ జరిగింది తట్టుకోగలిగిందే. ఆ తర్వాతిదే అసలు దెబ్బ. భారం తగ్గిద్దామని సైటు చేసినాయన ప్లగిన్లు (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాములు) మారుస్తుంటే బుకింగులుండే డేటాబేస్ పాడైంది. బ్యాకప్ అడిగితే 23 రోజుల కిందటిది ఇచ్చారు. ఆ 23 రోజుల బుకింగులూ నేనూ మా ఆవిడా వాట్సాప్ చాట్‌లు, బ్యాంకు మెసేజ్‌లు పక్కపక్కన పెట్టుకుని నోటు పుస్తకంలో మళ్లీ రాశాం. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఏ తేదీకి మార్చమన్నారు అని. రెండు రాత్రులు పట్టింది. ఇద్దరి పేర్లు దొరకలేదు. వాళ్లు వచ్చి కాంప్లెక్స్ దగ్గర నిలబడి ఫోన్ చేస్తే తప్ప మాకు తెలియలేదు. బండిలో చోటు లేదు. వాళ్ల ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్న నిమిషం నేనింకా మర్చిపోలేదు.

విసిగిపోయి కంపెనీ మారదామనుకుంటే డొమైన్ ఆయన పేరిట, ఆయన ఈమెయిల్ మీద ఉంది. ఆయనకు అప్పటికే బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. డొమైన్ ఒక రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) నుంచి ఇంకొకరి దగ్గరికి మార్చాలంటే ఆథ్ కోడ్ అని ఒకటి కావాలి, అది యజమాని ఖాతాలోనే దొరుకుతుంది. ఆయన ఫోన్ ఎత్తడానికి పదకొండు రోజులు పట్టింది. మంచివాడు కాబట్టి పైసా అడగకుండా ఇచ్చాడు. ఇవ్వనంటే? మా బండ్ల మీద, విజిటింగ్ కార్డుల మీద, అరకు రోడ్డు బోర్డుల మీద వేయించిన పేరు ఇంకొకరిది అయిపోయేది.

అందుకే మీకు నేను చెప్పే మొదటి మాట హోస్టింగ్ కంపెనీ గురించి కాదు. డొమైన్ మీరే, మీ పేరిట, మీ ఫోను నంబరుతో, షాపు మూతపడినా ఉండే మీ సొంత ఈమెయిల్‌తో కొనండి. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా ఖర్చు పెద్ద తేడా ఉండదు. ఆటో రెన్యువల్ పెట్టండి, కార్డు గడువు తీరితే మార్చడం మర్చిపోకండి. డాట్ కామ్ గడువు దాటి రిడెంప్షన్‌లోకి (గడువు తీరిన పేరును తిరిగి తెచ్చుకునే ఆఖరి అవకాశంలోకి) వెళ్తే, ఆ 30 రోజుల్లో వెనక్కి తెచ్చుకోవడానికి మామూలు రెన్యువల్‌కు ఎన్నో రెట్లు కట్టాలి. ఇంకొకటి, డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఇంకోచోట ఉంచండి. హోస్టింగ్ వాళ్లతో చెడిన రోజు డీఎన్ఎస్‌లో (డొమైన్ ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే పట్టికలో) రెండు రికార్డులు మార్చి గంటల్లో బయటపడొచ్చు. మీ డిజైనర్ కుర్రాడికి డొమైన్ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. హోస్టింగ్‌లో అతనికి వేరే యూజర్ పెట్టొచ్చు. అతను బాధపడతాడేమోనని మొహమాటపడకండి. పని తెలిసినవాడు ఇది మామూలేనంటాడు.

ఇక కంపెనీ ఎంపిక. గూగుల్‌లో 'బెస్ట్ హోస్టింగ్' అని వెతికితే వచ్చే పోలికల్లో చాలావాటికి కమీషన్ ఉంటుంది. మీరు ఆ లింకు నొక్కి కొంటే రాసినవాళ్లకు డబ్బు వస్తుంది. పైగా పోల్చే బ్రాండ్లు కొన్నిసార్లు ఒకే ఇంటివి. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ రెండూ న్యూఫోల్డ్ డిజిటల్ కిందవే. వాటిలో ఏది మేలని పేజీలకు పేజీలు చదివి నేనొక రోజు పోగొట్టుకున్నాను. నేనిక్కడ ఏ పేరూ సిఫారసు చెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. ఇవాళ బాగున్న కంపెనీని రేపు ఇంకొకరు కొంటే సపోర్టు మారిపోతుంది.

దానికి బదులు కొనకముందే పరీక్ష పెట్టండి. శనివారం రాత్రి పదింటికి వాళ్ల చాట్ తెరిచి ఇవి అడగండి. బ్యాకప్ రోజూ తీస్తారా, ఎన్ని రోజులవి ఉంచుతారు, నేనే స్వయంగా రిస్టోర్ చేసుకోవచ్చా, దానికి వేరే డబ్బు తీసుకుంటారా? ఎంతసేపట్లో మనిషి పలికాడు, అడిగినదానికే జవాబిచ్చాడా అన్నది చూసుకోండి. నేను నాలుగు కంపెనీల మీద ఇలా చేశాను. ఇద్దరి దగ్గర యంత్రమే మాట్లాడుతూ పోయింది. ఒకచోట మనిషి వచ్చాడు కానీ ప్లాన్ అమ్మడం తప్ప ఏమీ తెలియదు. నాలుగో చోట అతను, 'వారం పాటు రోజువారీ బ్యాకప్ ఉంటుంది, రిస్టోర్ మీ ప్యానెల్‌లోనే బటన్, కానీ సార్, మా బ్యాకప్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, మీ దగ్గరా ఒకటి పెట్టుకోండి' అన్నాడు. సొంత కంపెనీ గురించి అంత నిజం చెప్పిన మనిషి దగ్గరే కొన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

అతను చెప్పింది ఎంత నిజమో తర్వాత ప్రపంచమంతా చూసింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. సైటూ బ్యాకప్పూ రెండూ ఆ ప్రాంగణంలోనే ఉంచుకున్నవాళ్లలో కొందరికి రెండూ పోయాయి. కాబట్టి వారానికోసారైనా మీ గూగుల్ డ్రైవ్‌లోకి ఒక కాపీ వచ్చేలా పెట్టించండి. వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైటు అయితే అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ ఆ పని చేస్తుంది. మూడు నెలలకోసారి ఆ కాపీని ఒక టెస్ట్ సైటులోకి నిజంగా ఎక్కించి చూడండి. ఫైలు ఉండటం వేరు, అది తెరుచుకోవడం వేరు.

99.9 శాతం అప్‌టైమ్ (సైటు నడుస్తూ ఉండే సమయం) అని అందరూ రాస్తారు. లెక్క వేస్తే 30 రోజుల నెలలో 43 నిమిషాలు సైటు పడిపోవచ్చని అర్థం. 99 శాతమైతే ఏడు గంటలు దాటుతుంది. మాట తప్పితే ఇచ్చే పరిహారం సాధారణంగా మీరు కట్టిన హోస్టింగ్ బిల్లులో కొంత భాగం మాత్రమే, పోయిన ఆర్డర్లకు ఎవరూ ఇవ్వరు. సైటు పడిపోతే ఐదు నిమిషాల్లో మీకు మెయిల్ పంపే మానిటరింగ్ సేవలున్నాయి, ఒకటి పెట్టుకోండి. కస్టమరు చెప్పకముందే మీకు తెలుస్తుంది.

సర్వరు ఎక్కడుందో కూడా అడగండి. మీ డీలర్లందరూ ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో ఉన్నప్పుడు సర్వరు అమెరికాలో ఎందుకు? ఒక్కో అభ్యర్థన అంత దూరం వెళ్లి రావడానికే సెకనులో ఐదోవంతు పైన పడుతుంది, ఒక పేజీకి అలాంటి రాకపోకలు చాలా ఉంటాయి. ముంబై, హైదరాబాద్, బెంగళూరుల్లో సర్వర్లు ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్న మాట: మన వైజాగ్‌కే గూగుల్ వస్తోంది కదా, అదొచ్చాక చూద్దామా అని. 2025 అక్టోబరులో వాళ్లు ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది నిజమే, మన ఊరికి అది గర్వమే. కానీ మీ కేటలాగు సైటు దానికోసం ఆగక్కర్లేదు. ముంబై సర్వరు ఇప్పుడే చాలినంత వేగంగా ఉంటుంది. ఆఫీసు కంప్యూటరులోనే పెట్టేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక మనకు కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో మీకూ గుర్తుండే ఉంటుంది.

ఆ 99 రూపాయల లెక్క కూడా చెప్తాను. అది సాధారణంగా 36 నెలల సొమ్ము ఒకేసారి కడితేనే. అంటే 3,564, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 4,205. మూడేళ్ల తర్వాత రెన్యువల్ రేటు రెండు మూడు రెట్లు ఉండొచ్చు, కొనేముందే ఆ అంకె చూసుకోండి. ఒక్క ఏడాదికే కట్టండి, కాస్త ఎక్కువైనా పర్వాలేదు, నచ్చకపోతే కదలొచ్చు. మీ జీఎస్టీ నంబరు వేసి బిల్లు ఇచ్చే కంపెనీ అయితే ఆ పన్ను క్రెడిట్ తీసుకోవచ్చు. ఎస్ఎస్ఎల్‌కు (సైటుకూ చూసేవాళ్లకూ మధ్య సమాచారాన్ని భద్రంగా ఉంచే సర్టిఫికెట్) వేరే డబ్బు అడిగితే ఇవ్వకండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం.

ఈమెయిల్ మాత్రం హోస్టింగ్‌తో కలపకండి. మా సైటు ఫారం నింపిన వాళ్ల ఎంక్వయిరీలు కొన్ని వారాల పాటు మాకు స్పామ్‌లో పడుతూ వచ్చాయి, ఎవరూ చూడలేదు. షేర్డ్ సర్వరులో ఒకే ఐపీ (నెట్‌లో సర్వరు నంబరు) నుంచి అందరి మెయిళ్లూ వెళ్తాయి. అందులో ఒకడు చెత్త మెయిళ్లు పంపితే మిగతావాళ్ల పేరూ చెడుతుంది. జోహో మెయిల్ లేదా గూగుల్ వర్క్‌స్పేస్‌లో పెట్టుకుని, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ దగ్గర నుంచే వచ్చిందని చెప్పేవి) మీ డిజైనర్‌తో వేయించండి. ఫారం ఆ ఖాతా ద్వారానే మెయిల్ పంపేలా చూడమనండి.

మీ వ్యాపారానికి వీపీఎస్ (సర్వరులో మీకంటూ విడిగా ఇచ్చే భాగం) లాంటివి ఇప్పుడు అక్కర్లేదు. యాభై ఐటమ్స్ కేటలాగుకు భారత్‌లో సర్వరున్న మంచి షేర్డ్ ప్లాన్ సరిపోతుంది. ఆన్‌లైన్‌లోనే ఆర్డర్లు, పేమెంట్లు మొదలుపెట్టిన రోజు మళ్లీ ఆలోచిద్దాం. కుర్రాడి 6,000లో సైటు పనికి ఎంత, హోస్టింగ్‌కు ఎంత అని విడదీసి చెప్పమనండి. పని డబ్బు అతనికే ఇవ్వండి, అది అతని కష్టం. డొమైన్ ఇప్పటికే కొనేశానంటే యజమాని పేరు, ఈమెయిల్ కనిపించే పేజీ స్క్రీన్‌షాట్ ఈ రాత్రికే పంపమనండి. వాటిలో మీ పేరు లేకపోతే ఇక్కడే రాయండి, ఎలా మార్పించుకోవాలో నేను చెప్తాను.