పెరటి కోళ్లు, పక్కింటివారి ఇబ్బందులు

ప్రశ్న: ప్రహరీ గోడ పక్కనే గూడు కట్టి ఐదు పెట్టలను, ఒక పుంజును పెంచుతున్నాం. తెల్లవారకముందే పుంజు కూతకు మెలకువ వస్తోందని, గోడ అవతలికి ఘాటైన వాసన కొడుతోందని పక్కింటివారు మొహమాటపడుతూనే చెప్పారు. రోజూ సాయంత్రం గూటిని నీళ్లతో కడిగి ఫినాయిల్ చల్లుతున్నా వాసన తగ్గడం లేదు. పుంజును ఇచ్చేద్దామంటే, అది లేకపోతే పెట్టలు గుడ్లు పెట్టవని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. కోళ్లను వదులుకోకుండా ఈ చిక్కు తీరే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా ఉంది. ముందు వాసన సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు ఎంతో శ్రద్ధగా చేస్తున్న పనే దాన్ని పెంచుతోంది. కోడి మూత్రాన్ని విడిగా విసర్జించదు. రెట్ట మీద తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. రెట్ట పొడిగా ఉన్నంతకాలం వాసన పెద్దగా రాదు, తడి తగిలితే మాత్రం సూక్ష్మజీవులు ఆ ఆమ్లాన్ని విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తాయి. సాయంత్రం మీరు పోసిన నీరు మూలల్లోనూ పగుళ్లలోనూ నిలిచి, రాత్రంతా పడే రెట్టతో కలుస్తుంది. తెల్లారేసరికి గోడ అవతలికి చేరేది ఆ ఘాటే. ఫినాయిల్ దాన్ని కాసేపు కప్పిపెడుతుందే తప్ప పోగొట్టదు, పైగా దాని ఆవిరి కోళ్ల ఊపిరికి మంచిది కాదు.

కాబట్టి కడగడం మానేయండి. గూటిని పూర్తిగా ఆరనిచ్చి, నేల మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన ఊక గాని రంపపు పొట్టు గాని పరచి, వారానికి రెండు మూడుసార్లు తిరగేయండి. అప్పుడప్పుడూ గుప్పెడు పొట్టు తీసుకుని గట్టిగా నొక్కి, వేళ్లు విప్పి చూడండి. అది విచ్చుకుని రాలిపోతే గూడు బాగున్నట్టే; ముద్దగా అలాగే నిలిస్తే తడి ఎక్కువైందని అర్థం, ఆ భాగాన్ని తీసేసి పొడి పొట్టు వేయాలి. కోడి తల ఎత్తుకు వంగి కూడా వాసన చూడండి, అక్కడ మీ కళ్లు మండితే కోళ్లు రోజంతా ఆ గాలినే పీలుస్తున్నట్టు. తడిసిన పొట్టు మీద సున్నం చల్లవద్దు, దాని క్షారగుణం వల్ల అమ్మోనియా మరింత వేగంగా గాలిలో కలుస్తుంది. కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే కర్ర కింద ఒక పలక అమర్చి, ఉదయాన్నే రెట్టను గీకి మూత ఉన్న డబ్బాలో వేస్తే ఈగల బెడద కూడా తగ్గుతుంది. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఎగిరే దశకు వారం పది రోజుల్లోనే చేరుకుంటుంది గనుక రెట్టను అంతకాలం పోగుపడనివ్వకూడదు. వీలైతే గూటిని గోడకు దూరంగా జరపండి.

ఇక పుంజు విషయం. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదు, ఆ గుడ్లు పొదిగి పిల్లలు కావాలంటేనే అవసరం. గుడ్లు తగ్గడానికి దాణా లోపమో, వయసో, ఈకలు రాల్చే కాలమో, పగటి వెలుతురు తగ్గడమో కారణమవుతాయి. గూటిని చీకటి చేస్తే కూత ఆగుతుందని కొందరు చెబుతారు గాని, జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన పరిశోధనలో, ఎప్పుడూ మసక వెలుతురే ఉన్న గదిలోనూ పుంజులు సుమారు ఇరవై నాలుగు గంటలకోసారి తమ వేళకు కూశాయి. అంటే ఆ గడియారం దాని ఒంట్లోనే ఉంది. కూత రాకుండా మెడకు బిగించే పట్టీలు ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉంది, వాటిని నేను సమర్థించలేను. చుట్టూ ఇళ్లు లేనిచోట పెంచుకునేవారికి పుంజును ఇచ్చేయడమే న్యాయం. గుడ్డు పెట్టాక పెట్టలు కూడా కాసేపు అరుస్తాయి, కానీ అది పగటిపూట కొద్ది నిమిషాల సందడి.

పక్కింటివారికి గుడ్లు ఇవ్వడం మంచిదే, అయితే వాసన పోయాకే ఇవ్వండి. ముందే ఇస్తే వారు ఇబ్బంది ఉన్నా నోరు తెరవలేరు.

ప్రశ్న: పక్కింటి కోళ్లు గోడ దూకి వచ్చి మా మొక్కల పాదులు గీరేస్తున్నాయి. ఎలుకలు కూడా పెరిగాయి. గొడవ లేకుండా ఏం చెప్పాలి?
– మరొక పాఠకుడు

జవాబు: వారికి చేయడానికి వీలైన పనులే చెప్పండి. ఒక్క వైపు రెక్కలోని పొడవైన ఈకల చివర్లు కత్తిరిస్తే కోడికి నిలకడ తప్పి గోడ ఎగరలేదు. దానికి నొప్పి ఉండదు, కాకపోతే రక్తం పారే లేత ఈకలను ముట్టుకోకూడదు, కొత్త ఈకలు వచ్చాక మళ్లీ కత్తిరించాలి. ఎలుకలు వచ్చేది కోళ్ల కోసం కంటే దాణా కోసం. గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది కాబట్టి కొలిచి వేసి, చీకటి పడేలోగా తొట్టిని ఎత్తేయమనండి. దాణాను గోనె సంచిలో కాక బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో ఉంచాలి. గూటికి అర అంగుళం కన్నాల గట్టి ఇనుప వల వేయించాలి, వెడల్పు కన్నాల వలలోంచి ఎలుకలు సులువుగా దూరుతాయి.