ప్రభుత్వ ఆడిట్ అంటే బిల్లులు తిరగేయడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం ఫైనలియర్. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ సంస్థ నివేదికల గురించి పేపర్లో ఏమొచ్చినా వదలకుండా చదువుతుంది. ప్రభుత్వ ఆడిట్‌లోకే వెళ్తానంటోంది. సీఏ చేయకుండా కుదురుతుందా? పాత బిల్లులు తిరగేయడం తప్ప అక్కడేముందని బంధువులు అంటున్నారు. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సీఏ తప్పనిసరి కాదండీ. మనవాళ్లు ‘ఏజీ ఆఫీసు’ అనేవి కాగ్ కింద పనిచేసే ఆఫీసులే. ఏదైనా డిగ్రీ ఉంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష రాసి అక్కడ చేరవచ్చు. ఏడో వేతన సంఘం ప్రకారం ఆడిటర్‌కు మూలవేతనం రూ.29,200తో, అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్‌కు రూ.47,600తో మొదలవుతుంది. ఆడిటర్‌గా చేరినవారు ఎస్ఏఎస్ అనే శాఖాపరమైన పరీక్ష పాసైతే పై మెట్టుకు వెళ్తారు. ఆ పరీక్ష తేలికేమీ కాదు. సివిల్స్‌లో తగిన ర్యాంకు తెచ్చుకుంటే ఐఏ అండ్ ఏఎస్ (ఆడిట్, అకౌంట్స్ విభాగంలో ఉన్నతాధికారుల సర్వీసు) దొరుకుతుంది, శిక్షణ సిమ్లాలో.

ఇక మీ బంధువుల మాట. బిల్లులు చూడటం ఉంటుంది, కాదనను. కానీ 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ ముందుకొచ్చిన కాళేశ్వరం నివేదికనే తీసుకోండి. రూపాయి ఖర్చుకు రూపాయిన్నర ప్రయోజనం వస్తుందన్నది ప్రాజెక్టు వాళ్ల లెక్క. కాగ్ మళ్లీ లెక్క కడితే 52 పైసలే తేలింది. అంచనా వ్యయం కూడా కేంద్ర జల సంఘానికి చెప్పిన రూ.81,911 కోట్లు దాటి 1.47 లక్షల కోట్లు మించేలా ఉందని రాసింది. ఇది బిల్లులు టిక్కు పెడితే తేలే విషయం కాదు. ఆయకట్టు ఎంత, కరెంటు ఖర్చు ఎంత, పంట విలువ ఎలా కట్టారు అని ఫైళ్ల వెంటపడి అడగాలి.

నియంత్రణ సంస్థల పద్దులూ కాగ్ చూస్తుంది. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ, హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ జాబితాలోనివే. రిజర్వ్ బ్యాంకు మాత్రం కాదు. దానికి ఆడిటర్లను కేంద్రం వేరే నియమిస్తుంది.

అమ్మాయికి ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఆడిటర్ ఎవర్నీ శిక్షించలేడు. ముందు అభ్యంతరం రాసి పంపాలి, శాఖ జవాబు కోసం ఎదురుచూడాలి, అది తృప్తిగా లేకపోతే ఆ అభ్యంతరాన్ని ఆధారాలతో ఆడిట్ పేరాగా రాయాలి. అందులో ముఖ్యమైనవే నివేదిక దాకా వెళ్తాయి. ఆ తర్వాత చట్టసభ, అక్కడ నివేదికను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీ. ఏళ్లు పట్టొచ్చు. తప్పు దొరికిన రోజే ఫలితం కనబడాలనుకునేవారికి ఇక్కడ చిరాకే మిగులుతుంది. పైగా ఊళ్లు తిరగాలి, తనిఖీకి వచ్చినవారికి ఎవరూ ఎదురొచ్చి హారతి పట్టరు.

లెక్కలకన్నా నేను ముందు చూసేది రాత. వాదనకు నిలిచే పేరా రాయగలగాలి. ఈ సెలవుల్లో కాగ్ వెబ్‌సైట్ నుంచి కాళేశ్వరం నివేదిక దించుకుని, ఒక్క అధ్యాయం చదివి, తన మాటల్లో ఒక పేజీ రాయమనండి. అది విసుగనిపించకపోతే సీజీఎల్‌కు చదవడం మొదలుపెట్టమనండి. విసుగొస్తే బ్యాంకు పరీక్షలున్నాయి, సీఏ కూడా ఉంది.