గదిలో పెట్టి గొళ్లెం వేయవద్దు

చిరంజీవి సౌభాగ్యవతియైన నా బిడ్డకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. అల్లుడు పొద్దున లేస్తూనే వణికే చేతులతో కల్లు దుకాణం వైపు నడుస్తున్నాడనీ, రెండు సీసాలు కడుపులో పడితే గాని బర్రె పలుపు కూడా పట్టలేకపోతున్నాడనీ, వచ్చే ఆదివారం మీ అన్నలను పిలిపించి వారం రోజులు అతణ్ణి గదిలో పెట్టి గొళ్లెం వేయాలనుకుంటున్నావనీ రాశావు. ఆ పని మాత్రం చేయవద్దు బిడ్డా. ఇరవై ఏడేళ్లు వార్డులో నర్సుగా పనిచేసిన నేనే ఒకప్పుడు ఆ తప్పు చేశాను. మీ చిన్న మామయ్యను ఇలాగే ఇంట్లో పెట్టి తాళం వేశాము. మొదటి రోజు ఒళ్లంతా చెమటలు పట్టాయి, రెండో రోజు గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు, మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి చేర్చేలోపు మరో రెండుసార్లు వచ్చాయి. దేవుని దయ వల్ల బతికాడు గాని, ఆ గది తాళంచెవి నా కొంగుకే ఉందన్న సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఎందుకు అలా జరిగిందో నీకు అర్థం కావాలి. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో దించిన అసలు కల్లులో కొద్దిపాటి ఆల్కహాల్ తప్ప మత్తెక్కించేది మరేమీ ఉండదు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట కల్తీ చేసేవారు అందులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. ఆందోళన జబ్బుకు డాక్టర్లు పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో లెక్కగా ఇచ్చే ఆల్ప్రాజోలం, ఈ సీసాల్లో లెక్కాపత్రం లేకుండా పడుతుంది. అల్లుడు తనకు కల్లు అలవాటైందనుకుంటున్నాడు గాని, పొద్దున్నే ఆ వణుకు చూస్తే అతని ఒంటికి అలవాటైంది ఈ మందేనని నాకు అనిపిస్తోంది. మన మెదడులో నరాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా అనే రసాయనం ఉంటుంది. ఎద్దుకు పగ్గం ఎటువంటిదో నరాలకు అది అటువంటిది. ఈ మందు ఆ పగ్గాన్ని బయటి నుంచి బిగించి పడుతుంది. ఏళ్ల తరబడి బయటి చెయ్యి పడుతూ ఉంటే మెదడు తన పట్టు సడలించుకుంటుంది, అందుకే ఒక సీసా సరిపోయిన మనిషికి తరువాత నాలుగు కూడా చాలవు. ఆ బయటి చేతిని ఒక్కరోజులో తీసేస్తే నరాలు పగ్గం తెగిన ఎద్దులా పరుగెడతాయి: వణుకు, నిద్రలేమి, లేనివి కనిపించడం, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణాపాయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి లక్షణాలతో జనం బారులు తీరడం నీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి మాన్పించడం నెమ్మదిగా, డాక్టర్ చేతుల మీదుగా జరగాలి. వారు సాధారణంగా ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజీపామ్ వంటి మందును మొదలుపెట్టి, మనిషి తీరును బట్టి వారాల తరబడి, ఒక్కొక్కరికి నెలల తరబడి, మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తారు. మెడికల్ షాపులో అవే మాత్రలు కొని నీవే లెక్కవేసి ఇవ్వడానికి ప్రయత్నించవద్దు. కూరలో కలిపితే మానేస్తారని ఎవరో చెప్పిన పొడి సంగతి కూడా రాశావు. అటువంటి వాటిలో తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, తెలియక దాని మీద తాగిన మనిషికి గుండె దడ, వాంతులు మొదలై ప్రాణం మీదికి రావచ్చు. మొగుడికి చెప్పకుండా ఏ మందూ పెట్టవద్దు. గొలుసులు వేసి కొట్టి మాన్పిస్తామనే చోటికి అసలే పంపవద్దు. మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

వణుకు తగ్గి, అన్నం సహించి, ముఖం తేటపడగానే గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఒంట్లోంచి మందు పోయినా సాయంత్రం అయిదింటికి ఆ దుకాణం దారి, ఆ చెట్టు నీడ, ఆ నలుగురు స్నేహితుల మాటలు మెదడులో చెరగకుండా ఉంటాయి, వాటిని చూడగానే కోరిక లేస్తుంది. అది అతని పొగరు కాదు, నీ మీద ప్రేమ లేకపోవడమూ కాదు. పొలం నుంచి వేరే దారిన రమ్మను. ఆ వేళకు పాలు పోసి రావడమో, పిల్లలను చదివించడమో, ఏదో ఒక పని అతని చేతిలో ఉండాలి. కూలి డబ్బులు కొన్నాళ్లు నీ దగ్గర ఉంచే ఏర్పాటు అతని చేతనే ఒప్పించు, లాక్కోవద్దు. బోనాలకు సాక పోసేటప్పుడు, చావు ఇళ్లలో, దసరా నాడు కల్లు తప్పకుండా ఎదురవుతుంది. ఆ రోజుల గురించి ముందే మాట్లాడుకొని, అక్కడ ఎంతసేపు ఉండాలో, ఎవరి వెంట తిరిగి రావాలో నిర్ణయించుకోండి. నిద్ర సరిగా పట్టకపోవడం, చిన్న మాటకే చిరాకు పడటం నెలల పాటు ఉండవచ్చు, వాటిని చూసి వైద్యం పనిచేయలేదనుకోవద్దు.

మళ్లీ ఒకనాడు తాగి రావచ్చు. మీ మామయ్య రెండుసార్లు తాగి వచ్చాడు, మొదటిసారి నేను వాకిట్లో పదిమంది ముందు అరిచాను, దాంతో మరో మూడు నెలలు ఇంటి ముఖం చూడలేదు. రెండోసారి అన్నం పెట్టి, మరునాడే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను: కొన్నాళ్లు మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు, ఊపిరి మందగిస్తుంది. అలా తాగి వచ్చి లేపినా లేవకుంటే నిద్రపోతున్నాడులే అని వదిలేయకుండా వెంటనే 108కి ఫోన్ చేయి.

నీవు కూడా ఎవరితోనైనా మాట్లాడు బిడ్డా, అన్నీ కడుపులో దాచుకోవద్దు. మత్తు వదిలించే సలహాలకు 14446, మనసు బాధలకు టెలి మానస్ 14416 ఉన్నాయి, డబ్బులు తీసుకోరు.

ఆదివారం మీ అన్నలను పిలిపించవద్దు. సోమవారం ఉదయం బస్సుకు అల్లుణ్ణి తీసుకొని రా, ఎర్రగడ్డ ఆసుపత్రికి నేను మీ వెంట వస్తాను. డాక్టర్ చూసేదాకా తనంతట తాను ఒక్కసారిగా మానేయవద్దని అతనితో చెప్పు. ఈలోపు వణుకు ఎక్కువైనా, తికమకగా మాట్లాడినా సోమవారం కోసం చూడకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపో. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకో, ఆధార్ కార్డు మరువవద్దు. పిల్లలను మీ అత్తగారి దగ్గర ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ