డల్లాస్ ఫోను, అమలాపురం సిగ్నలు

ప్రశ్న: సార్, మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు తను వాడుతున్న ఐఫోన్ 15 నాకిచ్చి వెళ్తానంటోంది. మా ఇంట్లో ముందుగదిలో సిగ్నల్ బాగానే ఉంటుంది కానీ వంటగదిలో మాట తెగిపోతుంది. కొత్త ఫోనైతే బాగుపడుతుందని మావారు అంటారు, సిమ్ మార్చమని మా అబ్బాయి అంటాడు. ఎవరి మాట వినను? (ఓ పాఠకురాలు, అమలాపురం)

జవాబు: మీ అబ్బాయి మాట వినండమ్మా, సిమ్ సంగతే ముందు తేల్చుకోండి. సిగ్నల్ అందని చోట లక్ష రూపాయల ఫోనైనా ఫొటోలు తీసుకోవడానికే పనికొస్తుంది.

'ఏ నెట్‌వర్క్ మంచిది' అని మా షాపులో రోజూ అడుగుతారు. రాజమండ్రి కౌంటర్లో కూర్చుని మీ వంటగది గురించి నేనెలా చెప్పను? కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూలు పెట్టింది, పెట్టారు కూడా. కానీ మీ ఇంటి స్లాబు ఎంత మందమో ఆ మ్యాపుకి తెలియదు. ఇరుగుపొరుగువాళ్ల దగ్గర వేరే కంపెనీల ఫోన్లు కాసేపు అడిగి తీసుకోండి. స్టవ్ పక్కన నిలబడి ఒక్కోదాంతో మీవారికి కాల్ చేయండి. అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చునే రాత్రి ఎనిమిదింటికి చేస్తే ఇంకా నయం. గీతలు ఎన్ని ఉన్నాయో చూడకండి, మీ మాట తెగకుండా వినపడుతోందా అని ఆయన్ని అడగండి. సిగ్నల్ మోసే తరంగాల్లో 700, 850, 900 మెగాహెర్ట్జ్‌వి గోడలు దాటి లోపలికి వస్తాయి. 2300, 3500 అంత లోపలికి రాలేవు. వీధిలో 5జీ చూపించిన ఫోను వంటగదిలో 4జీకి దిగిపోయేది అందుకే.

అసలు మీ ఇంట్లో వైఫై ఉందా? ఉంటే ఇప్పుడున్న ఫోన్లోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'వైఫై కాలింగ్' ఆన్ చేసి చూడండి. మీ ఫోన్లో ఆ సదుపాయం ఉంటే మామూలు కాల్సే వైఫై మీదుగా వెళ్తాయి, దానికి వేరే చార్జీ ఉండదు. పైసా ఖర్చు లేకుండా గొడవ తీరిపోవచ్చు.

ఇక అమ్మాయి ఫోను. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14వ మోడల్ నుంచీ సిమ్ పెట్టే ట్రేయే లేదు, అంతా ఈ-సిమ్, అంటే చేత్తో తీసి పెట్టే కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్. మన దగ్గర ఈ-సిమ్ ఇస్తారు, ఇబ్బంది అది కాదు. ఫోను కిందపడి పాడైందనుకోండి, సిమ్ తీసి పాత ఫోన్లో వేసుకునే వీలుండదు. అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. బ్యాంకు ఓటీపీ రాదు, ఆరోజే గ్యాస్ డబ్బులు కట్టాల్సి వస్తే టెన్షన్. అందుకే ఆ ఫోను వైఫై మీద మనవలతో వీడియో కాల్స్‌కి ఉంచుకోండి, మీ నంబరు మాత్రం ఇక్కడ కొన్న ఫోన్లోనే ఉండనివ్వండి. ఇంకో మాట, అక్కడ వాయిదాల మీద కొన్న ఫోనైతే అక్కడి కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉందో లేదో బయల్దేరే ముందే చూడమనండి.

ఇక్కడ కొనేది పదిహేను, పద్ధెనిమిది వేలలో సరిపోతుంది. డబ్బా మీద '8+8 జీబీ ర్యామ్' అని పెద్దక్షరాలు కనపడితే మురిసిపోకండి. రెండో 8 స్టోరేజీలోంచి అప్పు తెచ్చినది, అసలు ర్యామ్ మొదటిదే. దానికన్నా సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. ఆ ప్రశ్నకి నీళ్లు నమిలే సేల్స్ కుర్రాళ్లే ఎక్కువ.

సిమ్ మార్చాలనే తేలితే నంబరు పోదు. ఇంగ్లీషులో 'పోర్ట్' అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కి మెసేజ్ పంపండి. వచ్చే కోడ్ నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోపు ఆ కోడ్ కొత్త కంపెనీ వాళ్లకిస్తే మూడు పని దినాల్లో మారిపోతుంది. మిగిలిన రీచార్జి మాత్రం కొత్త కంపెనీకి రాదు కాబట్టి ప్యాక్ చివరి రోజుల్లో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా మామగారిది పాత కీప్యాడ్ ఫోను. నెట్ వాడని ఆయనకి డేటా ప్యాక్ వేయక తప్పదా? (ఓ పాఠకుడు, తణుకు)

జవాబు: అక్కర్లేదు. ట్రాయ్ చెప్పిన మీదట 2025 జనవరి నుంచీ కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు వచ్చాయి. 84 రోజులవి ఉన్నాయి, ఏడాదివీ ఉన్నాయి. షాపులో 'వాయిస్ ఓన్లీ' అని గట్టిగా అడగండి, లేకపోతే మామూలు ప్యాకే వేసేస్తారు. ఆ ఫోను 2జీదైతే అందులో జియో సిమ్ పనిచేయదు, జియోకి 2జీ లేదు. కాబట్టి చవగ్గా వస్తోందని ఆ నంబర్ని అటు పోర్ట్ చేయకండి.