మీరడిగారు: ఆర్‌ఓ నీళ్ళు దాచుకోవచ్చా?

ప్రశ్న: మొన్నటి వానకు మా కాలనీలో రెండు రోజులు కరెంటు లేదు. మోటార్ నడవలేదు, ఆర్‌ఓ నడవలేదు, నీళ్ళ డబ్బాలు వేసే అబ్బాయి ఫోనే ఎత్తలేదు. ఇంట్లో అత్తగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఈసారి ముందే ఆర్‌ఓ నీళ్ళు పట్టి పెట్టుకుందామని మూతలున్న డ్రమ్ములు కొన్నాను. ఎన్నాళ్ళు నిలవ ఉంటాయి?
(ఒక గృహిణి, సరూర్‌నగర్)

జవాబు: డ్రమ్ములు కొని మంచిపని చేశారమ్మా, వాటిలో ఆర్‌ఓ నీళ్ళు మాత్రం పోయకండి. 2020 అక్టోబరు వరదలప్పుడు నేనూ ఇదే తెలివి చూపించాను. రెండు బిందెల నిండా ఆర్‌ఓ నీళ్ళు పట్టి పెడితే ఐదో రోజుకి బిందె లోపల చెయ్యి జారింది, జిగురు. కారణం చిన్నదే. మన హైదరాబాద్‌కు నల్లా నీళ్ళిచ్చే జలమండలి నీళ్ళలో క్లోరిన్ కలిపి వదిలేది అక్కడికక్కడ క్రిములు చావడానికే కాదు, చివరి ఇంటి నల్లా దాకా ఆ మందు కాస్త మిగలాలని కూడా. మన ఫిల్టర్ ఆ మిగిలినదాన్ని కూడా తీసేస్తుంది. ఇక ఆ నీళ్ళకు కాపలా ఎవరూ లేరు, ఒక్క మురికి గ్లాసు ముంచితే చాలు.

కాబట్టి దాచాల్సింది నల్లా నీళ్ళు. మంజీరా నీళ్ళని అలవాటుగా అంటాం గానీ మీ వైపు వచ్చేవి కృష్ణా నీళ్ళు, ఏవైతేనేం, సంపులో పడకముందే నేరుగా నల్లా దగ్గర పట్టండి. మొదట వచ్చే నీళ్ళు కాసేపు వదిలేయండి, ఎందుకంటే ఈ ఊళ్ళో చాలాచోట్ల నల్లా పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే ఉంటాయి. 2009లో భోలక్‌పూర్‌లో నల్లా నీళ్ళలో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి. నీళ్ళు రంగు మారినా, కంపు కొట్టినా పట్టకుండా జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి.

ఎన్ని కావాలంటారా, తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్క వేసుకోండి. మీరు ఐదుగురు, మూడు రోజులకు 60 లీటర్లు, అంటే 20 లీటర్లవి మూడు డబ్బాలు. డబ్బా సబ్బుతో కడిగి, అంచుదాకా నింపి, మూత గట్టిగా బిగించి, ఎండ తగలని మూల పెట్టండి. ఫినాయిలు, యాసిడ్ పోసిన డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా వద్దు. రెండు వారాలకోసారి ఆ నీళ్ళు బట్టలకో మొక్కలకో వాడేసి కొత్తవి పట్టుకోండి. మూత వదులుగా ఉంటే దోమ గుడ్లు పెడుతుంది, డెంగీ దోమకు ఇష్టమైనవి మంచినీళ్ళే. అడుగున కుళాయి ఉన్న డబ్బా దొరికితే ఇంకా మేలు, చెయ్యి ముంచే పని ఉండదు. తాగే ముందు ఆ నీళ్ళు కాచుకుంటే ఇక టెన్షన్ లేదు.

ప్రశ్న: వరదనీళ్ళు మా సంపులోకి వచ్చేశాయి. పటిక తిప్పితే నీళ్ళు తేటగా అయ్యాయి. ఇక తాగొచ్చు కదా?
(ఒక పాఠకుడు, నాగోల్)

జవాబు: తాగొద్దు. పటికైనా, మన పెద్దవాళ్ళు అరగదీసి వేసే చిల్లగింజైనా మట్టిని అడుక్కి దించుతాయి, క్రిముల్ని చంపవు. బంగ్లాదేశ్‌లో పాత చీరను పొరలుగా మడిచి చెరువు నీళ్ళు వడకట్టిస్తేనే కలరా సగానికి సగం తగ్గిందట, అంటే వడకట్టడం దండగ కాదు, కాకపోతే దానితో సరిపెట్టకూడదు. వడకట్టి, తేరనిచ్చి, తర్వాత కాయాలి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, ఇరవై నిమిషాలు మరిగించి గ్యాస్ అంతా తగలెయ్యక్కర్లేదు. గ్యాస్ కూడా లేకపోతే క్లోరిన్ మాత్ర వేయండి. ఎన్ని లీటర్లకు ఒకటో పట్టీ మీద చదివే వేయాలి, అందరివీ ఒకే సైజు కాదు. వేశాక అరగంట ఆగాలి. బురదనీళ్ళలో మాత్ర వేస్తే మందంతా బురదకే ఖర్చయిపోతుంది, అందుకే తేట ముందు.

ఇదంతా క్రిముల సంగతి. ఆ వరదలో పెట్రోలో, ఏదైనా కెమికలో కలిసి వాసన వస్తుంటే ఎంత కాచినా లాభం లేదు, పారబోయండి.

సంపు మాత్రం మొత్తం తోడించి, గోడలు బ్లీచింగ్ పౌడర్‌తో రుద్ది కడిగి, కొత్త నీళ్ళు నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున మంచి పౌడర్ కలిపి గంట ఆగండి. పౌడర్ మీద యాసిడ్ పోయకండి, విషవాయువు వస్తుంది. ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నాను: కరెంటు మెయిన్ ఆపకుండా, మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వకుండా, పైన ఇంకో మనిషి లేకుండా ఎవర్నీ సంపులోకి దించకండి. లోపల ఊపిరాడక ఒకరు, వాళ్ళను లాగబోయి ఇంకొకరు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

ప్రశ్న: మాత్ర వేసిన నీళ్ళు వాసనని పిల్లలు ముట్టట్లేదు. నిమ్మకాయ పిండొచ్చా?
(ఒక తల్లి, మౌలాలి)

జవాబు: పిండొచ్చు, కానీ మాత్ర వేసి అరగంట అయ్యాకే, అదీ తాగే గ్లాసులోనే. ముందే పిండితే నిమ్మరసం క్లోరిన్‌ను విరిచేస్తుంది, మాత్ర వేసీ వేయనట్టే. నిమ్మకాయ లేకపోతే అరగంట తర్వాత రెండు శుభ్రమైన గిన్నెల్లో టీ చల్లార్చినట్టు నాలుగైదుసార్లు తిరగబోయండి, వాసన చాలావరకు పోతుంది.