కథ పడాలంటే నుదుటన రాసిపెట్టి ఉండాలా?

పత్రికలకు ఎన్ని కథలు పంపినా ఒక్కటీ అచ్చులో పడట్లేదు, ఇదంతా అదృష్టమేనా, రాయడం మానేసి ఉద్యోగం చూసుకోమంటారా అని అడిగారు. ఉద్యోగం ఎలాగూ చూసుకోండి. పాలగుమ్మి పద్మరాజు గారంతటి వారే కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ కథలు రాశారు.

అదృష్టం ఉంది, గట్టిగానే ఉంది. మీరు వరద మీద కథ పంపిన వారమే ఎడిటర్ గారి బల్ల మీద ఇంకో వరద కథ ఉండొచ్చు. పోటీ కథలు చూసే పెద్దాయనకు యాసలో రాస్తే గిట్టకపోవచ్చు. వీటికి మనం చేయగలిగిందేం లేదు. ఎప్పుడూ ఏదో ఒక కథ ఎవరో ఒకరి దగ్గర ఉండేలా చూసుకోవడం, అంతే. పద్మరాజు గారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి కొట్టింది. అది గొప్ప కథే, కాదనేదెవరు! ఇంగ్లీషులోకి తెచ్చి పోటీకి పంపకపోతే మాత్రం అంత దూరం వెళ్లేదా?

పోటీల్లో బహుమతులు పట్టుమని పది ఉండవు. బహుమతి రాకపోయినా అచ్చు వేయడానికి, అంటే 'సాధారణ ప్రచురణకు' తీసుకునేవి మాత్రం బాగానే ఉంటాయి. నా మొదటి కథ అలాగే పడింది.

మరో కథ సంగతి చెప్తాను. ఒక వారపత్రిక తీసుకుంది, బొమ్మ కూడా వేయించారట. ఈలోగా కరోనా వచ్చి పత్రికే ఆగిపోయింది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. తర్వాత దాన్నే ఒక వెబ్ పత్రికకు పంపాను. అది చదివి ఓ నాటక సమాజం ఆయన ఫోన్ చేశారు: "నాటక పరిషత్తు పోటీలకు దీన్ని నాటికగా రాసిస్తారా అండీ?" నాటిక రాయడం నాకు బొత్తిగా రాదు. "అలాగేనండి, రాస్తాను" అన్నాను.

రిహార్సల్ స్కూలు వరండాలో. తండ్రి అలిగే ఘట్టానికి నేను పేజీ నిండా డైలాగులు రాసుకెళ్లాను. ఆ వేషం వేసే ఆయన రెండుసార్లు చదివి, కాగితం పక్కనపెట్టి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. డైరెక్టరు పేజీ మొత్తం కొట్టేశాడు. ముందు ఒళ్లు మండింది గానీ, ఇప్పుడు కథ రాసినా ఎక్కడ ఆపాలో ఆ కుర్చీయే చెబుతోంది. ఏ వర్క్‌షాపులోనూ నాకింత దొరకలేదు.

కాబట్టి పోటీలకే కాకుండా మామూలు సంచికలకూ పంపండి. ఒకచోట పరిశీలనలో ఉండగా ఇంకోచోటికి పంపకండి, ఈ కథ ఇంకెక్కడా పరిశీలనలో లేదని రాసిచ్చే హామీపత్రం మీద సంతకం పెట్టేది మీరే. జవాబు రాకపోతే కొన్నాళ్లు చూసి, వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టి మరో గడప తొక్కండి. కథ చివర ఫోన్ నంబరు వేయమంటారా అని అడిగితే వేయమనండి. నాటకం ఆయన నన్ను పట్టుకుంది ఆ నంబరుతోనే. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, ముగింపు అలా ఎందుకు రాశావని నిలదీసేవాళ్లూ ఉంటారు లెండి, అదో సరదా.