పులి కోరలు పీకెయ్యకు

చి. శ్రావణికి,

నీ కథ చదివాను. సియోల్‌లో ఇల్లు, అక్కాతమ్ముళ్ళు, పండక్కి వాళ్ళు హల్మోని అని పిలిచే నాయనమ్మ ఊరికి ప్రయాణం... ఎత్తుగడ బాగుంది. కానీ రెండు పేజీలు తిరగకుండానే కిమ్చి, హన్‌బోక్ దుస్తులు, కె-పాప్ మూడూ దిగబడ్డాయి. కొరియా సీరియళ్ళు చూసే మన పిల్లలకు అవి కొత్తేం కాదు. ఆ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుంది, ఎవరి ముందు నోరెత్తకూడదు, చిన్నవాడి ఉక్రోషం దేనికి? అది రాయి.

పండగ సొల్లాల్ అన్నావు కదా, చాంద్రమానం లెక్కన వాళ్ళ కొత్త సంవత్సరం. పొద్దున్నే పిల్లలు నేలకు వంగి పెద్దలకు మొక్కుతారు, డబ్బులు పుచ్చుకుంటారు. తర్వాత టొక్ ముక్కలు వేసిన సూప్. టొక్ అంటే బియ్యప్పిండితో చేసేది. ఆ సూప్ తాగితే ఒక ఏడు పెద్దవుతారంటారు. 2023 జూన్ నుంచి అక్కడి చట్టం వయసును చాలావరకు పుట్టినరోజు లెక్కనే చూస్తోంది గానీ, ఇళ్ళల్లో ఆ మాట పోలేదు. నీ కథలో తమ్ముడు ఊరికే ఓ మూల కూర్చున్నాడు. వాడి చేత రెండు గిన్నెలు తాగించు. రెండోది ఖాళీ చేసి మూతి తుడుచుకుంటూ, 'ఇక నిన్ను నూనా అనను. నేనే పెద్ద' అంటాడు అక్కతో. నూనా అంటే తమ్ముడు అక్కను పిలిచే పిలుపు. అక్క మూడో గిన్నె అందుకుంటుంది. ఇక గొడవ దానంతటదే నడుస్తుంది. ఆచారం గురించి నువ్విచ్చిన అరపేజీ వివరణ కొట్టెయ్.

ఇక హల్మోని చెప్పే కథ. 'పులులు పొగాకు కాల్చే రోజుల్లో' అని మొదలుపెట్టావు, వాళ్ళ కథలు అలాగే మొదలవుతాయి. తర్వాతే చెడగొట్టావు. టొక్‌లు పట్టుకుని ఇంటికొస్తున్న ఓ తల్లికి కొండ కొండకీ ఎదురై 'ఒక్క టొక్ ఇస్తే నిన్ను తినను' అనే పులి, టొక్‌లు అయిపోయాక ఆ తల్లిని తినేస్తుంది. నీ పులి క్షమాపణ అడిగింది! పిల్లలు దడుచుకుంటారని టెన్షన్ పడకు. తల్లి బట్టలు కట్టుకుని అది తలుపు తట్టాల్సిందే, ఆమె పిల్లలిద్దరూ చెట్టెక్కాల్సిందే. వాళ్ళకు ఆకాశం నుంచి గట్టి తాడు దిగితే, పులికి పుచ్చుతాడు దొరుకుతుంది. తెగి జొన్నచేలో పడుతుంది. జొన్న దంట్ల మీది ఎర్రమచ్చలు ఆ నెత్తురేనట. చీకటంటే భయపడే చెల్లెలు సూర్యుడవుతుంది, అన్న చంద్రుడు. ఇంత నిండైన ముగింపు ఉండగా నీతివాక్యం దేనికి?

భయం తగ్గించాలనిపిస్తే ఇంకో కథ ఉంది. ఎండబెట్టిన పెర్సిమన్ పండు ఇస్తాననగానే ఏడుస్తున్న పసివాడు టక్కున ఊరుకుంటాడు. బయట పొంచి ఉన్న పులి, పెర్సిమన్ అంటే తనకన్నా భయంకరమైన జంతువేదో అనుకుని హడలిపోతుంది. రెండు కథలూ ఒకే నాయనమ్మ నోట రావచ్చు. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఖాళీగా ఉంచకు. పెద్దలకు పెట్టే నైవేద్యానికి చెస్ట్‌నట్లు ఒలుస్తూ ఉండనీ. పులి తలుపు తట్టే చోట కత్తి ఆగాలి.

పిల్లల పత్రికకు కథలు ఎంపిక చేసినన్నాళ్ళూ నేను ముందు చూసింది సంభాషణలే. నీవి నాయనమ్మతో మాట్లాడినట్టు లేవు, క్లాస్‌మేట్‌తో మాట్లాడినట్టున్నాయి. అక్కడ మనవలు అలా మాట్లాడరు. మీ పెనుకొండ వైపు కియా కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని కొరియా వాళ్ళున్నారు కదా. ఎవరైనా పిల్లల తల్లి పరిచయమైతే, పండగ పొద్దున వంటింట్లోకి ముందు ఎవరు వెళ్తారో, పిల్లలు దేనికి తిట్లు తింటారో అడిగి, ఆ సీను మళ్ళీ రాసి పంపు.

ఉంటాను,
పెద్దమ్మ